వెనక అతుక్కొచ్చే బండికి ముందు గ్యాపే మందు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి. చౌటుప్పల్ దాటాక కుడి లేన్‌లో 90లో వెళ్తున్నారు. ముందు లారీ, ఎడమ లేన్‌లో ఇంకో లారీ. అద్దంలోకి చూస్తే వెనక కారు బానెట్ కూడా కనపడటం లేదు, అద్దం నిండా దాని విండ్‌షీల్డే. హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతూ డిప్పర్ మీద డిప్పర్ కొడుతున్నాడు, హారన్ సరేసరి. సైడ్ ఇద్దామంటే చోటు లేదు, ముందుకు పోదామంటే లారీ అడ్డం. ఆ రెండు నిమిషాల్లో ఏం చెయ్యాలన్నదే ఈ పోస్టు.

90 అంటే సెకనుకి 25 మీటర్లు. వెనక బండి నంబరు ప్లేటు లోపలి అద్దంలో కనపడటం మానేసిందంటే మధ్యలో ఉన్నది కొద్ది మీటర్లే. పోనీ ధారాళంగా 10 మీటర్లు అనుకుందాం, అది 0.4 సెకను. మీ బ్రేక్ లైటు చూసి, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసి బ్రేకు మీద వెయ్యడానికి చురుగ్గా ఉన్న డ్రైవరుకే ఒక సెకను పడుతుంది. ఫోను చూస్తున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మీరు గట్టిగా బ్రేకు కొట్టాక తగలకుండా ఆగడం అతని నేర్పులో లేదు. మీరు ఎంత గట్టిగా కొట్టాల్సి వస్తుందన్న దాంట్లో ఉంది. అది మీకూ ముందు లారీకీ మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 80లో మూడు బండ్లు వరసగా పోతున్నాయి: లారీ, దాని వెనక మీరు, మీకు 10 మీటర్ల వెనక అతను. లారీ బ్రేకు కొట్టి 41 మీటర్లలో ఆగింది. మీకూ అతనికీ తేరుకోవడానికి చెరో సెకను వేసుకుందాం. లారీకీ మీకూ మధ్య 1 సెకను గ్యాప్, అంటే 22 మీటర్లే ఉంటే, మీరు ప్రతి సెకనుకీ వేగాన్ని గంటకు 22 కి.మీ. చొప్పున తగ్గించాలి. అతను సెకనుకి 31 చొప్పున తగ్గిస్తేనే మిమ్మల్ని తాకకుండా ఆగుతాడు. పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారుకి గట్టిగా తొక్కితే వచ్చేది 28, 30. అంటే గుద్దుతాడు. అదే మీ ముందు 2 సెకన్లుంటే మీకు 14 చాలు, అతనికి 18. ముందు 4 సెకన్లుంటే మీకు 8, అతనికి 10. సెకనుకి 10 అంటే సిగ్నల్ దగ్గర మామూలుగా ఆగడం కన్నా కాస్త ఎక్కువ, అంతే. వెనకవాడు తన పద్ధతి మార్చుకోలేదు, మీటరు కూడా వెనక్కి తగ్గలేదు. మీరు ముందు చోటు పెంచారు, అతను బతికిపోయాడు, మీ డిక్కీ కూడా.

అందుకని వెనక ఎవరో అతుక్కున్నారని గమనించగానే చెయ్యాల్సిన మొదటి పని అద్దంలోకి కాదు, ముందుకు చూసి గ్యాప్ పెంచడం. మామూలుగా 3 సెకన్లుంచే చోట 4 నుంచి 5 చెయ్యండి. బ్రేకు తొక్కి పెంచకూడదు. ఆక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలికచేస్తే చాలు, 90 నుంచి 84, 83కి దిగుతుంది, లారీ తనంతట తానే దూరం జరుగుతుంది. మరీ తగ్గించి 60కి తెస్తే వెనకవాడి చిరాకు పెరుగుతుంది, అతని వెనకవాళ్లు కూడా అతుక్కుంటారు.

సెకన్లు ఎలా కొలవాలి? లారీ వెనక బంపర్ ఏదో ఒక కల్వర్టునో, బోర్డునో, వంతెన నీడనో దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అని మామూలు వేగంతో అనుకోండి. ఒక్కో మాటకీ దాదాపు సెకను పడుతుంది. మీ బంపర్ అక్కడికి చేరేసరికి ఎన్ని అన్నారో అన్ని సెకన్లు. మీటర్లు అంచనా వెయ్యడం కన్నా ఇది నయం. వేగం పెరిగేకొద్దీ మీటర్లు మారతాయి గానీ సెకన్లు మారవు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి కుడి లేన్లలో గరిష్ఠ వేగం 120. అక్కడ 3 సెకన్లంటే 100 మీటర్లు. ఔటర్ మీద రెండు కార్ల మధ్య అంత చోటు చూసిన వాళ్లు చెయ్యెత్తండి.

ఇక్కడ అందరూ అడిగేది ఒకటే. గ్యాప్ వదిలితే ఇంకొకడు దూరతాడు కదా? దూరతాడు. దూరనివ్వండి. ఒక కారు దూరితే మళ్లీ గ్యాప్ పెంచుకోవడానికి మీకు పోయేది 2, 3 సెకన్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకి 275 కి.మీ. చిల్లర దూరంలో 50 బండ్లు అలా దూరినా నష్టం రెండున్నర నిమిషాలు. పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బుల్లేని ఒక్క కారు వెనక పడితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

సైడ్ ఇవ్వడం దగ్గరకు వద్దాం. కుడి లేన్ ఓవర్‌టేక్‌కే అని అందరికీ తెలుసు. ఎడమ లేన్‌లో ఆటోలు, ఎదురొచ్చే బైకులు, ఆగిన టిప్పర్లు, సీజన్ వస్తే ఆరబోసిన వడ్లూ వాటి చుట్టూ పెట్టిన రాళ్లూ ఉంటాయని కూడా అందరికీ తెలుసు. అందుకే లారీవాళ్లు కుడి లేన్ పట్టుకుంటారు, అందుకే వెనకవాళ్లకి చిర్రెత్తుకొస్తుంది. ఈ వ్యవహారంలో ఎవరిది తప్పో తేల్చే పని మీది కాదు. వెనకవాడు 140లో పోవాలనుకుంటే పోనివ్వండి. అతను మీ వెనక ఉన్నప్పటి కన్నా ముందు ఉన్నప్పుడే మీకు క్షేమం. సైడ్ ఇవ్వడానికి 15 సెకన్లపాటు 90 నుంచి 70కి తగ్గారనుకుందాం. మీరు పోగొట్టుకున్నది 83 మీటర్లు, అంటే సుమారు 3 సెకన్లు.

అయితే ప్రమాదం ఎక్కువగా జరిగేది ఈ సైడ్ ఇచ్చే క్షణంలోనే. మీరు ఎడమకు వెళ్దామని స్టీరింగ్ తిప్పే సమయానికే వెనకవాడు ఓపిక చచ్చి, ఎడమ నుంచి దూసుకుపోదామని అటే తిప్పుతాడు. ఇద్దరూ ఒకేసారి ఒకే లేన్‌లోకి. అందుకని ముందు ఎడమ ఇండికేటర్ వెయ్యండి, నాలుగైదు సార్లు వెలగనివ్వండి, అద్దాల్లో అతని బండి ఎటు జరుగుతోందో చూడండి. అతని ముక్కు ఎడమకు వంగితే మీరు కదలకండి. లేన్ మారకుండా, వేగం మారకుండా నిటారుగా వెళ్తూ అతన్ని ఎడమ నుంచే పోనివ్వండి. అతను చేసేది తప్పే, అయినా పోనివ్వండి. అతను కదలకపోతే ఎడమ అద్దం, తర్వాత ఒకసారి తల తిప్పి ఎడమ కిటికీ, ఆ తర్వాతే లేన్ మారడం. ఎడమ నుంచి వచ్చే బైకులు అద్దంలో దొరకవు.

ఎడమ లేన్‌లో 60లో వెళ్తున్న లారీని దాటి దాని ముందుకు వెళ్లాలంటే ఒక గుర్తు ఉంది. ఆ లారీ హెడ్‌లైట్లు రెండూ మీ లోపలి అద్దంలో పూర్తిగా కనిపించేదాకా ఎడమకు జరగకండి. పక్క అద్దం నమ్మొద్దు, అందులో అన్నీ ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాయి. లారీ ముందుకు వచ్చాక వెంటనే బ్రేకు తొక్కకండి. లోడు లారీకి ఆగడానికి మీకన్నా ఎక్కువ దూరం కావాలి, పైగా ఎయిర్ బ్రేకుకి గాలి చేరి పట్టడానికి కొంత ఆలస్యం ఉంటుంది. కుడి నుంచి అతుక్కొచ్చిన కారును తప్పించుకుని లారీకి అడ్డం పడితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

వెనక అతుక్కొచ్చే బండ్లన్నీ ఒక రకం కాదు. డిప్పర్ కొట్టేవాడు నిజానికి సులువు, అతనికి ఏం కావాలో తెలుసు, దారి ఇస్తే పోతాడు. డిప్పర్ కొట్టడు, హారన్ కొట్టడు, ఖాళీ లేన్ ఉన్నా దాటడు, మీ వెనకే 8 మీటర్లలో మీ వేగంతోనే వస్తుంటాడు ఇంకొకడు. అతనే ప్రమాదం. అతని ధ్యాస ఫోను మీదో, మాటల మీదో, నిద్ర మీదో ఉంది, మీ టెయిల్ లైట్లని పట్టుకుని బండి నడుపుతున్నాడు. తెల్లవారుజాము 3 నుంచి 5 మధ్య ఇలాంటివాడు దొరికితే తప్పించుకోవడమే మేలు. వేగం 10 తగ్గించి రెండు నిమిషాలు చూడండి. అప్పటికీ దాటకపోతే పెట్రోలు బంకులోకో దాబాలోకో దిగి టీ తాగండి. బంకులోకి తిరిగేటప్పుడు కూడా 300 మీటర్ల ముందే ఇండికేటర్ వేసి, బ్రేకు పెడల్‌ని రెండుసార్లు లైటు వెలిగేంతగా తాకి, అప్పుడు మెల్లగా తగ్గండి.

లోడు లారీ వెనక నుంచి మీద పడుతున్నట్టు వస్తే చాలాసార్లు ముందు ఎత్తు ఉందని అర్థం. ఎత్తు ఎక్కేలోపు వేగం పోతే మళ్లీ గేర్లన్నీ దిగాలి, అందుకని ఊపు పోకుండా వస్తాడు. ఎత్తు మొదలవకముందే దారి ఇచ్చెయ్యండి. పైగా ఎత్తైన సీట్లో కూర్చున్న డ్రైవరుకి మీ కారు పైనుంచి ముందు రోడ్డంతా కనిపిస్తుంది. ఆ ధైర్యంతోనే దగ్గరకు వస్తాడు. రోడ్డు కనిపించడం వేరు, 40 టన్నులు ఆగడం వేరు.

రెండు లేన్ల రోడ్ల మీద, మధ్యలో డివైడర్ లేని చోట సంగతి ఇంకోలా ఉంటుంది. నాగార్జున సాగర్ రోడ్డులాంటి చోట వెనకవాడు దాటాలంటే ఎదురు లేన్‌లోకి వెళ్లాలి. మీరు ఎడమ అంచుకు జరిగి, వేగం స్థిరంగా ఉంచండి. అతను మీ పక్కకు వచ్చాక మీరు కాస్త తగ్గితే అతనికి త్వరగా చోటు దొరుకుతుంది. ఎదురుగా బండి కనిపిస్తే మీ పౌరుషం సంగతి తర్వాత, బ్రేకు కొట్టి ముందు చోటు ఖాళీ చెయ్యండి. ఎందుకంటే అతను తప్పించుకోవడానికి వచ్చేది మీ మీదకే. "వెళ్లు వెళ్లు" అని చెయ్యి ఊపడం, కుడి ఇండికేటర్ వెయ్యడం మాత్రం వద్దు. లారీవాళ్లలో కొందరు కుడి ఇండికేటర్‌ని "నువ్వు పోవచ్చు" అని వేస్తారు, కొందరు "రావద్దు, ఎదురుగా బండి ఉంది" అని వేస్తారు, కొందరు నిజంగానే కుడికి తిరగడానికి వేస్తారు. మూడు అర్థాలున్న సైగను నమ్మి ప్రాణం పెట్టలేం.

తిరుమల ఘాట్ రోడ్డులో మాత్రం అతుక్కొచ్చేవాడికి ఒరిగేదేమీ ఉండదు, నిర్ణీత సమయం కన్నా ముందు చేరితే జరిమానా. అక్కడ దిగేటప్పుడు గమనించాల్సింది ఇంకోటి. రెండో గేరులో దిగుతూ ఇంజను పట్టుతోనే వేగం తగ్గిస్తే మీ బ్రేక్ లైటు వెలగదు. వెనకవాడికి మీరు తగ్గుతున్నారని తెలియదు. మలుపుకి ముందు పెడల్‌ని ఒకసారి తాకండి. కరెంటు కార్లలో కాలు తియ్యగానే మోటారే బండిని ఆపుతుంది, అప్పుడు లైటు వెలుగుతుందో లేదో మోడల్‌ని బట్టి ఉంటుంది. రాత్రిపూట గోడ దగ్గరకు మెల్లగా రివర్స్‌లో వెళ్తూ కాలు తీసి చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది, లేదా వెనక వచ్చే స్నేహితుణ్ణి చూడమనండి.

లైట్ల మాట వచ్చింది కాబట్టి. ఆరు నెలలకొకసారి గోడకు వీపు పెట్టి బండి నిలిపి బ్రేకు తొక్కితే ఎన్ని వెలుగుతున్నాయో అద్దంలో కనిపిస్తుంది. పాత కార్లలో బ్రేకుకీ టెయిల్‌కీ కలిపి రెండు తీగల బల్బు ఉంటుంది, 21 వాట్లదీ 5 వాట్లదీ. 21ది పోయి 5ది వెలుగుతుంటే రాత్రి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బ్రేకు కొట్టినప్పుడు మాత్రం ఏమీ మారదు. ఇంకోటి: కొత్త కార్లలో పగటి లైట్లు ముందు వెలుగుతాయి, చాలా కార్లలో వెనక వెలగవు. వానలో, పొగమంచులో డ్యాష్‌బోర్డు వెలిగింది కదా అని లైట్లు వేశామనుకుంటారు, వెనక చీకటే. చినుకు పడగానే లో బీమ్ స్విచ్ వెయ్యడం అలవాటు చేసుకోండి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే హజార్డ్ లైట్లు వేసుకుని వానలో నడపకండి, చాలా బండ్లలో అవి వెలుగుతుంటే ఇండికేటర్ వేసినా వెనకవాడికి తెలియదు.

తడి రోడ్డు మీద పైన చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి. టైరు పట్టు సగానికి సగం పడిపోవచ్చు, అరిగిన టైరైతే ఇంకా. ముందు గ్యాప్ రెట్టింపు చెయ్యండి.

రాత్రి వెనక నుంచి హై బీమ్ కొడుతుంటే లోపలి అద్దం కింద ఉండే చిన్న నాలుకను ఇటు లాగండి, వెలుగు మసకబారుతుంది. చాలామందికి అది ఎందుకుందో తెలియదు. పక్క అద్దాలకు ఆ సౌకర్యం తక్కువ బండ్లలోనే ఉంటుంది, తలను కొంచెం ముందుకో పక్కకో జరిపితే వెలుగు కంట్లో పడదు. అసలు ఇబ్బంది కంటికే కాదు. వెనక ఎత్తైన బండి వెలుగులో మీ కారు నీడే మీ ముందు రోడ్డు మీద పడుతుంది, ఆ నీడలో గుంత కనపడదు. కాబట్టి ఇక్కడ కూడా తగ్గి, దారి ఇవ్వడమే.

ఏ చోట్ల జాగ్రత్త? వేగం ఉన్నట్టుండి మారే చోట్ల. నాలుగు లేన్ల రోడ్డు మీద ఊరు వచ్చే ముందు డివైడర్ తెరిచి ఉంటుంది, అక్కడ యూ టర్న్ తీసుకునే ట్రాక్టరు ట్రాలీ సగం మీ లేన్‌లో నిలబడుతుంది. రోడ్డుకి అడ్డంగా వేసే చిన్న చిన్న గట్లు, రంబుల్ స్ట్రిప్స్ దగ్గర తెలిసినవాడు తగ్గుతాడు, తెలియనివాడు తగ్గడు. టోల్ ప్లాజాకి 500 మీటర్ల ముందు ఖాళీ వరస వెతుక్కుంటూ అందరూ అడ్డంగా జరుగుతారు. ఔటర్ మీద ఎగ్జిట్ దాటిపోతుందని కుడి లేన్ నుంచి మూడు లేన్లు కోసుకుంటూ ఎడమకు దూకేవాడు ఉంటాడు. ఇలాంటి చోటు రాబోతోందని తెలిసినప్పుడు, వెనక ఎవరైనా అతుక్కుని ఉంటే, అవసరం రాకముందే బ్రేక్ లైటు రెండుసార్లు వెలిగించి, 5, 10 తగ్గి ఉండండి. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోళ్ల దగ్గర క్యూ ఎక్కడిదాకా ఉంటుందో చెప్పలేం, వంపు తిరగగానే తోక కనిపించవచ్చు.

అలా ఆగిన వరసకి మీరే చివరివారైతే ఆ 20 సెకన్లే మీ ప్రయాణంలో గండం. ముందు కారుకి ఒక కారు పొడవు వదిలి ఆగండి, దాని వెనక టైర్లు నేలను తాకే చోటు మీకు కనిపిస్తే చాలు. హజార్డ్ వెయ్యండి. మొదటి గేరులో ఉంచి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, కళ్లు అద్దంలో ఉంచండి. ఎడమ అంచున దూరే చోటు ముందే చూసి పెట్టుకోండి. వెనక రెండు బండ్లు ఆగాక హజార్డ్ తీసేసి న్యూట్రల్ చేసుకోవచ్చు. ముందు బండికి ముద్దుపెట్టినట్టు ఆగితే తప్పుకునే దారి ఉండదు, వెనక దెబ్బ తగిలితే ముందు దెబ్బ కూడా మీదే.

బైకు మీద ఉన్నవాళ్లకు ఈ సలహాల్లో సగం పనికిరావు. వెనక బస్సు ఆనుకుని వస్తుంటే బైకువాడి చేతిలో ఉన్న బలం ఒకటే, సన్నగా ఉండటం. అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ముందుగానే ఎడమకు తప్పుకోండి. అయితే తారు దాటి మట్టిలోకి దిగకండి. తారుకీ మట్టికీ మధ్య రెండు మూడు అంగుళాల అంచు ఉంటుంది, 60లో ఆ అంచు దిగితే పడతారు, పడేది బస్సు ముందే. దిగక తప్పదంటే 20, 30కి తగ్గాకే. గేరుతో తగ్గేటప్పుడు వెనక బ్రేకును లైటు వెలిగేంతగా తాకుతూ ఉండండి. వెనక కూర్చున్నవాళ్లు చెయ్యి చాచి కిందకు ఊపితే బస్సు డ్రైవరుకి లైటు కన్నా ముందు అదే కనిపిస్తుంది.

చెయ్యకూడని వాటిలో మొదటిది అందరికీ నోరూరించేది: వాడికి బుద్ధి చెప్పాలని ఉత్తినే బ్రేకు కొట్టడం. "వెనక గుద్దినవాడిదే తప్పు" అన్న ధీమాతో చేస్తారు. ఆ ధీమా పూర్తిగా నిజం కాదు. 2017లో కోయంబత్తూరులో హైవే మీద ఒక కారు సైగ లేకుండా ఉన్నట్టుండి ఆగింది, వెనక వస్తున్న బైకు దాన్ని తగిలి పడింది, బైకు నడిపే విద్యార్థి కాలు మీదుగా బస్సు వెళ్లింది. 2025 జులైలో సుప్రీంకోర్టు బాధ్యతను పంచింది: కారు డ్రైవరుకి 50 శాతం, బస్సుకి 30, చాలిన దూరం పాటించనందుకు బైకు నడిపిన విద్యార్థికి 20. అందరికన్నా పెద్ద వాటా సైగ లేకుండా ఆపినవాడికే. మరోవైపు 2018లో అదే కోర్టు, లారీ వెనక 10, 15 అడుగుల్లో వస్తూ గుద్దిన కారు కేసులో అది చాలిన దూరం కాదని తేల్చి, 2 నుంచి 3 సెకన్ల గ్యాప్‌ని కనీస కొలతగా చెప్పింది. దగ్గరగా వచ్చినందుకు చలాను పడటం మన రోడ్ల మీద అరుదు, వేగానికే కెమెరా ఉంటుంది. కానీ పరిహారం లెక్క తేలేటప్పుడు ఈ సెకన్లు డబ్బులుగా మారతాయి.

రెండోది, భయపడి వేగం పెంచడం. 80 నుంచి 100కి వెళ్తే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వెనకవాడు మాత్రం అదే 10 మీటర్లలో ఉంటాడు. విండ్‌షీల్డ్ నీళ్లు చిమ్మడం, కిటికీలోంచి చేతి సైగలు, అతను దాటాక వెనక తగులుకుని హై బీమ్ కొట్టడం: వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఒక మినహాయింపు: వెనక సైరన్‌తో అంబులెన్సు ఉంటే పైన చెప్పిన నిదానం అక్కర్లేదు, వెంటనే ఎడమకు తప్పుకోండి. దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా పడొచ్చు. అంబులెన్సు వెళ్లగానే దాని తోక పట్టుకుని రెండు మూడు కార్లు దూసుకొస్తాయి. వాటిని చూసుకోకుండా మళ్లీ కుడికి తిరిగితే అక్కడే దొరికిపోతారు.

కొత్త కార్లలో ముందు బండిని చూసి తనంతట తాను బ్రేకు కొట్టే రాడార్, కెమెరా వ్యవస్థలున్నాయి. అవి ముందు గ్యాప్ చూసి నిర్ణయం తీసుకుంటాయి, వెనక ఎవడున్నాడో లెక్కలోకి తీసుకునేవి తక్కువ. ఆటో అడ్డం దూరగానే బండి టక్కున ఆగుతుంది, వెనకవాడు వచ్చి తగులుతాడు. ముందు బండిని బట్టి వేగాన్ని తనే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ వాడితే గ్యాప్ సెట్టింగు ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది పెట్టుకోండి. వెనక ఎవరైనా అతుక్కుంటే క్రూజ్ తీసేసి కాలితోనే నడపండి.

తల వెనక దిండు సంగతి ఎవరూ పట్టించుకోరు. వెనక నుంచి దెబ్బ తగిలితే సీటు వీపును ముందుకు తోస్తుంది, తల వెనకే ఉండిపోతుంది, మెడ విరుచుకుంటుంది. దిండు పై అంచు తల పై భాగానికి సమంగా, తలకీ దానికీ మధ్య నాలుగు వేళ్లకు మించకుండా పెట్టుకోండి. ఏడు సీట్ల బండిలో మూడో వరస వెనక తలుపుకి జానెడు దూరంలో ఉంటుంది. పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టే అలవాటు మనది, హైవే ప్రయాణమైతే మధ్య వరసలోకి మార్చి బెల్టు పెట్టండి.

దారి ఇచ్చినా పోకుండా, మీరు తగ్గితే తగ్గి, తిరిగితే తిరిగి వెంటపడుతున్నాడంటే అది తొందర కాదు, తగాదా. ఇంటి దారి పట్టకండి. జనం, కెమెరాలు ఉన్న టోల్ ప్లాజాకో పోలీస్ స్టేషన్‌కో వెళ్లండి, తలుపులు లాక్ చేసి 112కి పక్కనున్నవాళ్ల చేత ఫోను చేయించండి. డ్యాష్‌క్యామ్ ఉంటే సేవ్ బటన్ నొక్కండి, లేకపోతే కార్డు నిండాక పాతది చెరిగిపోతుంది. వెనక కెమెరా కూడా ఉన్న సెట్టే కొనండి. మన ఎండకి బ్యాటరీ ఉన్నవి ఉబ్బిపోతాయి, కెపాసిటర్ ఉన్నవి నయం.

ఇంత చేసినా వెనక తగిలితే, మీ బండి కదిలే స్థితిలో ఉంటే రెండు ఫోటోలు తీసి ఎడమ అంచుకు తెచ్చెయ్యండి. కదలకపోతే హజార్డ్ వేసి, అందరినీ ఎడమ తలుపుల నుంచి దింపి, రోడ్డు అంచున ఉన్న ఇనుప రైలింగు అవతలికి పంపండి. ఎర్ర హెచ్చరిక త్రికోణాన్ని చేత్తో ముందు పట్టుకుని, జాగ్రత్తగా, ఎదురొచ్చే బండ్లకి కనిపించేలా అంచున నడుస్తూ బండి వెనక వైపు 50 నుంచి 100 అంగలు వేసి పెట్టండి, వంపు ఉంటే వంపుకి అవతల. జాతీయ రహదారి అయితే 1033కి చేస్తే క్రేనూ అంబులెన్సూ వస్తాయి, కిలోమీటరు రాయి మీద అంకె చదివి చెప్పండి. రెండు కార్ల మధ్య నిలబడి బంపర్ సొట్ట చూసుకుంటూ వాదించుకోవడం మాత్రం వద్దు, మూడో బండి వచ్చేది ఆ సందులోకే.